అక్క అడిగిన ఉప్పూ నూనె

పదో తరగతి తెలుగు ఉపవాచకం రామాయణం. అన్నదమ్ముల కథ కావాలంటే అంతకు మించినది లేదు. అయినా పరీక్షల నాటికి భరతుడు ‘పాత్ర స్వభావం’ కింద నాలుగు సమాసాలుగా మిగులుతాడు. హైదరాబాద్‌లోని కొత్తపేట, దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్ల మధ్య పెరిగే పిల్లలకు ఆ సమాసాలు కంఠతా వచ్చేస్తాయి. తోబుట్టువుల ప్రేమ మాత్రం బట్టీకి లొంగదు. వాక్యం మీద వేలు పెట్టి వెతుక్కోవాల్సిందే.

అలా వెతికించడానికి ‘పథేర్ పాంచాలి’ పనికొస్తుంది. బిభూతిభూషణ్ బందోపాధ్యాయ నవల 1929లో పుస్తకంగా వచ్చింది. మద్దిపట్ల సూరి తెలుగు చేశారు. పిల్లల కోసం కుదించిన బెంగాలీ ప్రతికి ‘మామిడిటెంక బూర’ అనే అర్థమొచ్చే పేరు పెట్టారు. దానికి బొమ్మలు వేసిన సత్యజిత్ రాయ్ 1955లో ఈ నవలనే సినిమాగా తెచ్చారు.

ఈ నవలలో దుర్గ పచ్చి మామిడికాయలు తెచ్చి, అమ్మకు తెలియకుండా ఉప్పూ నూనె పట్టుకురమ్మని తమ్ముడు అపూను పురమాయిస్తుంది. గబగబా తినేస్తారు. తర్వాత అమ్మ పెట్టింది నమలలేక, పళ్లు పులిశాయని అపూ చెప్పబోతాడు. అక్క గుడ్లురుముతుంది. మాట సగంలో ఆగిపోతుంది. కొత్తపేట పండ్ల మార్కెట్ బాటసింగారానికి తరలిపోయినా, అక్కడి పిల్లలకు ఆ పులుపు వివరించనక్కర్లేదు. అపూ ఎందుకు ఆగాడన్నదే అడగాలి. భయమా? అక్క పక్షమా? పాఠంలో జవాబు రాసి ఉండదు.

దుర్గ జ్వరంతో చనిపోతుంది. కుటుంబం ఊరు విడిచే వేళ, ఏది దొంగిలించిందని ఆమె దెబ్బలు తిన్నదో ఆ బంగారు కుంకుమ భరిణె అపూ కంట పడుతుంది. ఎవరికీ చెప్పడు. వెదురు పొదల్లోకి విసిరేస్తాడు. అప్పుడు అక్క ఉరిమితే ఆగిన నోరు, ఇప్పుడు ఉరిమే అక్క లేకపోయినా పెగల్లేదు. ఈ రెండు పేజీలను పక్కపక్కన పెట్టి చదివించగలిగితే, మిగతాది పిల్లలే చెబుతారు. ఇంట్లో అక్కలూ తమ్ముళ్లూ ఉన్నవాళ్లు కదా!

దీనికి కొత్త సిలబస్ అక్కర్లేదు. టైంటేబుల్లో పేరుకే ఉండే లైబ్రరీ పీరియడ్ చాలు. కథాసంగ్రహం చెప్పేసి పుస్తకం మూయకుండా, పూటకో పేజీ పైకి చదివించే ఓపిక ఉన్న టీచరు కావాలి. అపూ చేసింది తప్పా ఒప్పా అన్నదానికి మార్కులు వేయకూడదు. వేస్తే మర్నాటికల్లా దానికీ గైడు జవాబు పుడుతుంది.