ఇంట్లో కంప్యూటర్: ఆడని బొమ్మ

జాకెట్లు కుట్టే ఒక సోదరి ఇలా రాశారు: "దసరాకి కుట్టిన ఆరు డిజైన్లు ఒకదాని తర్వాత ఒకటి మారేలా గింప్‌లో బొమ్మ చేశానండీ. అక్కడ బాగానే ఆడుతోంది. సేవ్ చేసి పంపితే ఒక్క జాకెట్టే కనబడుతోంది. బయట చేయిస్తే బొమ్మకింత అని అడుగుతున్నారు. కుట్టుకూలిలో ఇంక నాకు మిగిలేదేముంది?"

కంగారుపడకండమ్మా, మీ బొమ్మ పాడవలేదు. గింప్‌లో ఒక్కో ఫోటో ఒక్కో లేయర్. దొంతరగా పేర్చిన అట్లలాగా అనుకోండి. అడుగునున్నది మొదట కనబడుతుంది, పైది ఆఖర్న. ఫైల్ మెనూలో ఎక్స్‌పోర్ట్ యాజ్ నొక్కి, పేరు చివర చుక్క పెట్టి జి, ఐ, ఎఫ్ అనే ఇంగ్లీషు అక్షరాలు వెయ్యాలి. జేపీజీ అని వేస్తే కదలిక రాదు, పై ఫోటో ఒక్కటే వస్తుంది.

తర్వాత తెరుచుకునే పెట్టెలో 'యాజ్ యానిమేషన్' అన్న గడి ఉంటుంది. దానికి టిక్ పెట్టండి. చాలామంది దాటేసేది దీన్నే. ఆ గడి మసగ్గా ఉండి నొక్కనివ్వకపోతే లేయర్లన్నీ ఒకటైపోయాయన్నమాట. కంట్రోల్, జెడ్ కలిపి నొక్కుతూ వెనక్కి వెళ్ళండి. ఒక్కసారి ఆడి ఆగిపోతుంటే 'లూప్ ఫరెవర్'కీ టిక్ పెట్టాలి.

ఫోటోషాప్ వాడేవారు మామూలు సేవ్ జోలికి పోకుండా, ఎక్స్‌పోర్ట్‌లో 'సేవ్ ఫర్ వెబ్'కి వెళ్ళి జిఫ్ ఎంచుకోండి.

ఫోటోలు గబగబా పరిగెడుతున్నాయా? గింప్ ఇచ్చే వ్యవధి 100 మిల్లీసెకన్లు, అంటే సెకనులో పదో వంతు. అంతలో కుట్టుపని ఎవరి కంటికి ఆనుతుంది? అక్కడ 1500 వెయ్యండి. ఒక జాకెట్టు వెనక ఇంకోటి దయ్యంలా తొంగిచూస్తుంటే, అదే పెట్టెలో 'రీప్లేస్' అని ఉన్నది ఎంచుకోండి.

ఇక రంగుల సంగతి. జిఫ్ 1987లో పుట్టిన పాతకాలపు పద్ధతి. ఒక్కో ఫోటోకి 256 రంగులే పడతాయి. అందుకే జరీ మెరుపు చారలు చారలుగా, మచ్చలుగా వస్తుంది. అది మీ తప్పూ కాదు, ఫోన్ తప్పూ కాదు. జరీ పని చూపించాలనుకుంటే జిఫ్ మానేసి విడి ఫోటోలు పంపడమే మేలని నా అభిప్రాయం. ముదురు రంగు, ఒకే రంగు గుడ్డలైతే జిఫ్‌లోనూ చక్కగా ఉంటాయి.

ఫైలు మరీ బరువైతే ఇమేజ్ మెనూలో స్కేల్ ఇమేజ్‌కి వెళ్ళి వెడల్పు 500 చెయ్యండి. ఫోన్ ఫోటో వెడల్పు వేలల్లో ఉంటుంది గదా, బరువంతా అక్కడే.

తయారైన ఫైలుని బ్రౌజర్‌లో తెరిచి చూడండి. కొన్ని పాత ఫోటో ప్రోగ్రాములు మొదటి ఫోటో చూపించి ఊరుకుంటాయి. వాటిని చూసి బొమ్మ చెడిందనుకుని మళ్ళీ మొదలుపెట్టేరు!

ఇంకొకటి. వెడల్పు తగ్గించకముందే కంట్రోల్, ఎస్ నొక్కి గింప్ సొంత ఫైలు ఒకటి దాచుకోండి. దీపావళికి రెండు డిజైన్లు మార్చాలంటే దాన్ని తెరిచి ఆ రెండు లేయర్లు మారిస్తే చాలు. జిఫ్ ఒక్కటే ఉంచుకుంటే పోయిన రంగులు తిరిగి రావు.