పాత కంప్యూటర్‌కు కొత్త ఖర్చు అవసరమా?

గత అక్టోబరు నెలాఖరున ఒక రాత్రి మా పెద్దబ్బాయి అన్నం ముందు కూర్చుని, "అబ్బా, మన కంప్యూటర్ పని అయిపోయింది. కొత్తది తీసుకోవాల్సిందే" అన్నాడు. 2018లో రంజాన్ పండుగ వెళ్లిన తరువాత కొన్న యంత్రమది. చిలకలూరిపేట నుంచి రోజూ గుంటూరుకు బస్సులో వెళ్లి చదువుకునే పిల్లవాడు. సాయంత్రం కాసేపు ఆడుకుంటాడు, కళాశాల పనీ దానిమీదే చేసుకుంటాడు. ఆట మొదలైన ఇరవై నిమిషాలకు బొమ్మ ఆగి ఆగి కదులుతోందని, విండోస్ 10కు అక్టోబరు 14తో మైక్రోసాఫ్ట్ మద్దతు ఆగిపోయిందని చెప్పి, కొత్త కంప్యూటర్‌కు కావలసిన సామాను ధరలతో సహా రాసుకొచ్చిన కాగితం మా ముందు పెట్టాడు.

మేము ఆ మొత్తాన్ని మిరపకాయల్లోకి మార్చి చూసుకున్నాము. ఈ ప్రాంతంలో ఏ ఇంట్లోనైనా జరిగే లెక్కే ఇది. 2025 ఫిబ్రవరిలో గుంటూరు యార్డులో ధర పడిపోయినప్పుడు, కేంద్రం మార్కెట్ జోక్య పథకం కింద మన రాష్ట్ర మిరపకు క్వింటాకు 11,781 రూపాయలు నిర్ణయించింది. ఆ ధర చొప్పున చూసినా అబ్బాయి కాగితం ఆరు క్వింటాళ్ల పైమాటే. అలాంటి ఏడాది తరువాత "వద్దు" అనడం మాకు చాలా తేలిక. కానీ చూడకుండా వద్దనడం న్యాయం కాదనిపించింది. దివ్య ఖుర్‌ఆన్ బనీ ఇస్రాయీల్ సూరాలో దుబారాను తీవ్రంగా ఖండిస్తుంది. ఫుర్ఖాన్ సూరా 67వ ఆయత్‌లో దుబారాతో పాటు పిసినారితనాన్ని కూడా వారించి, ఆ రెంటికీ మధ్యన నిలిచే ఖర్చును మెచ్చుకుంటుంది. ఆ మధ్య దారి ఎక్కడుందో తెలియాలంటే ముందు యంత్రాన్ని పరీక్షించాలి కదా!

మరునాడు తండ్రీ కొడుకులం కలిసి కూర్చున్నాము. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు ఒకేసారి నొక్కితే టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. ప్రాసెసర్, మెమరీ, డిస్కు, గ్రాఫిక్స్ కార్డు ఒక్కొక్కటి ఎంత శ్రమపడుతున్నదీ శాతాల్లో చూపిస్తుంది. పైసా ఖర్చు లేదు. యంత్రం ఆన్ అయిన తరువాత అయిదు నిమిషాల పాటు డిస్కు నూటికి నూరు దగ్గరే నిలబడింది. ఎనిమిది జీబీల ర్యామ్‌లో ఏడు ఆట మొదలు కాకముందే నిండిపోయింది. ప్రాసెసర్ మాత్రం అప్పటికి తీరిగ్గానే ఉంది. ఆట మొదలుపెట్టాక ఉష్ణోగ్రత చూపించే ఉచిత ప్రోగ్రాం ఒకటి పక్కన తెరిచి ఉంచాము. పావుగంటలో ప్రాసెసర్ వేడి 95 డిగ్రీలు దాటింది. మా ఐ5-8400 ప్రాసెసర్‌కు హద్దు 100 డిగ్రీలు. ఆ హద్దు దగ్గర పడితే కాలిపోకుండా తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. బొమ్మ ఆగి ఆగి కదలడానికి ఒక కారణం అక్కడే దొరికింది.

ప్లగ్గు తీసి, క్యాబినెట్‌ను వాకిట్లోకి తెచ్చి పక్క రేకు విప్పాము. ప్రాసెసర్ మీది హీట్‌సింక్ రేకుల సందుల్లో పత్తి నూగు కంబళి ముక్కలా అట్టకట్టి ఉంది. పత్తి తీతల కాలంలో మా ఇళ్లలో గాలే అలా ఉంటుంది. జిన్నింగు మిల్లులున్న ఊళ్లవారికి వేరే చెప్పనక్కరలేదు. చిన్న బ్లోయర్ పెట్టగానే నూగుతో పాటు ఎర్రటి దుమ్ము లేచి, ఇంటిల్లిపాదీ తుమ్మడం మొదలుపెట్టారు. కల్లాల్లో మిరపకాయలు ఎండే రోజుల్లో కిటికీలోంచి వచ్చి చేరిన దుమ్ము అది, ఎన్నేళ్లదో! ఇక్కడ రెండు జాగ్రత్తలు చెప్పాలి. బ్లోయర్ పెట్టేటప్పుడు ఫ్యాను రెక్కను వేలితో పట్టుకుని ఉంచాలి. గాలికి అది విపరీతంగా తిరిగితే పాడవుతుంది. పంక్చర్ షాపు కంప్రెసర్ గాలి వాడకూడదు. అందులో చెమ్మ ఉంటుంది. ప్రాసెసర్‌కూ హీట్‌సింక్‌కూ మధ్య ఉండే థర్మల్ పేస్ట్ ఏడేళ్లకు ఎండి పెచ్చులు కట్టింది. దాన్ని తుడిచి కొత్తది బఠాణీ గింజంత పెట్టాము. అదే ఆటకు వేడి ఆ రాత్రి 78 డిగ్రీల దగ్గర ఆగింది.

దైవప్రవక్త (సఅసం) తమ చెప్పులు తామే కుట్టుకునేవారని, తమ బట్టలకు తామే అతుకులు వేసుకునేవారని హజ్రత్ ఆయిషా (ర.అన్హా) తెలిపారు. ఉల్లేఖనం మనందరికీ తెలిసినదే. ఆ పూట నూగు తీస్తున్న అబ్బాయి దాన్ని తనంతట తానే గుర్తుచేశాడు.

ఇక విండోస్ సంగతి. విండోస్ 11కు టీపీఎం 2.0 అనే భద్రతా సదుపాయం కావాలి. మా యంత్రంలో అది లేదని పరీక్షించే ప్రోగ్రాం చెప్పింది. చాలామంది అక్కడే ఆశ వదులుకుని కొత్తది కొనేస్తున్నారు. ఇంటెల్ ఎనిమిదవ తరం ప్రాసెసర్లలో ఆ సదుపాయం పీటీటీ పేరుతో లోపలే ఉంటుంది. ఆనాటి మదర్‌బోర్డుల్లో చాలావాటికి దాన్ని ఆపివేసి అమ్మారు, అంతే. బయాస్‌లోకి వెళ్లి దాన్నీ సెక్యూర్ బూట్‌నూ ఆన్ చేశాము. అంతకు ముందు తరాల ప్రాసెసర్లు చాలావరకు ఈ అర్హతకు రావు. అలాంటివి ఉన్న ఇళ్లవారు అదనపు భద్రతా నవీకరణలకు నమోదు చేసుకుంటే 2026 అక్టోబరు 13 వరకు గడువుంది. ఈలోగా కంగారుపడనక్కరలేదు.

కొన్నవి రెండే వస్తువులు. ఒకటి ఎస్.ఎస్.డి. విండోస్ 11ను దానిలో కొత్తగా ఎక్కించాము. పాత హార్డ్ డిస్కు ఫోటోలు దాచుకోవడానికి ఉండిపోయింది. రెండవది మరో ఎనిమిది జీబీల ర్యామ్. కృత్రిమ మేధ సర్వర్ల గిరాకీ వల్ల 2025 చివరి నెలల్లో ర్యామ్ ధరలు ప్రపంచమంతటా పెరిగాయి కనుక, అబ్బాయి స్నేహితుడు తీసేసిన డీడీఆర్4 ముక్కను కొని, రాత్రంతా మెమరీ పరీక్ష పెట్టి చూసుకున్నాము. ర్యామ్‌లో అరిగిపోయే భాగాలేమీ ఉండవు. పరీక్షలో తప్పు రాకపోతే నమ్మవచ్చు. రెండింటికీ కలిపి క్వింటా మిరప ధర కూడా కాలేదు.

అయితే అబ్బాయి మాటలో నిజం లేకపోలేదు. కార్డు చాలడం లేదా, ప్రాసెసర్ చాలడం లేదా అని తెలుసుకోవడానికి ఒక సులువైన పరీక్ష ఉంది. ఆటలో బొమ్మ నాణ్యతను 1080 నుంచి 720కి తగ్గించాలి. వేగం బాగా పెరిగితే కార్డుదే లోటు, పెరగకపోతే ప్రాసెసర్‌ది. మాకు వేగం పెరిగింది. మా కార్డు జీటీఎక్స్ 1050 టీఐ, 2016 నాటి నమూనా, నాలుగు జీబీలది. ఆ తరం కార్డులకు కొత్త ఆటల కోసం డ్రైవర్లు ఇవ్వడం ఎన్‌విడియా 2025 అక్టోబరుతో ఆపింది. భద్రతా సవరణలు మాత్రం 2028 అక్టోబరు దాకా వస్తాయి. కాబట్టి కొత్తగా వచ్చే పెద్ద ఆటలు దీనిమీద సరిగా నడవవు. వాడు ఇప్పుడు ఆడే రెండు ఆటలు నడుస్తాయి, కళాశాల పనికి అడ్డు లేదు. మా మానిటర్ సెకనుకు అరవై బొమ్మలే చూపగలదు. అంతకు మించిన వేగానికి డబ్బు పోసినా కంటికి తెలియదు.

వాయిదాల్లో తీసుకుందామని కూడా అడిగాడు. "వడ్డీ లేని వాయిదా" అని రాసి ఉన్నచోట బ్యాంకు పత్రం చదివి చూడండి. వడ్డీ వేస్తారు, అంత మొత్తాన్ని ముందే ధరలో తగ్గిస్తారు, ఆ వడ్డీ మీద జీఎస్టీ మనమే కడతాము. ఆ దారి వద్దనుకున్నాము. ఆటల్లో డబ్బు పెట్టి డబ్బు గెలుచుకునే రకాలను 2025 ఆగస్టులో వచ్చిన కేంద్ర చట్టం నిషేధించింది. మన ధర్మంలో అది ముందునుంచీ నిషిద్ధమే. మా ఇంట్లో ఆ బెడద లేదు గానీ, ఇషా తరువాత మొదలైన ఆట ఫజ్ర్‌ను మింగిన రోజులు రెండు మూడు ఉన్నాయి. దాన్ని గురించి వాళ్ల అమ్మీ మా కంటే గట్టిగానే మాట్లాడారు.

వాడిన కార్డు కొందామన్నది తరువాతి ఆలోచన. ఒకచోట బేరం కుదిరింది కూడా. మేము వెళ్లి అరగంట ఆట నడిపి చూస్తామంటే అమ్మేవారు ఒప్పుకోలేదు. దైవప్రవక్త (సఅసం) బజారులో ధాన్యపు కుప్పలోకి చేయి పెట్టి, లోపల తడి తగిలితే, దాన్ని జనానికి కనబడేలా పైన ఎందుకు ఉంచలేదని నిలదీసిన సంఘటన సహీహ్ ముస్లింలో ఉంది. మిరప టిక్కీలో అడుగున చెమ్మ కాయలు పెట్టి మోసం చేసేవారిని యార్డులో చూసిన మాకు ఆ హదీసు వేరే వివరణ లేకుండానే అర్థమవుతుంది. వెనక్కి వచ్చేశాము. మా పాత కార్డు అమ్మే రోజు వస్తే, దాని ఫ్యాను ఒకటి చప్పుడు చేస్తుందని ముందే చెప్పాలని అబ్బాయితో మాట తీసుకున్నాము.

కార్డు సంగతి ఏప్రిల్‌లో, చివరి కోత కాయ అమ్మిన తరువాత చూద్దామన్నాము. వాడు సరేనని, తన కాగితంలో మిగతా వరుసలన్నీ కొట్టివేసి, ఆ ఒక్కటి ఉంచుకున్నాడు.