చదివింపుల పుస్తకంలో లేని పదిహేను వేలు

వచ్చే ఆదివారం తెనాలిలో మా బాబాయి కూతురి పెళ్లి. రెండు వారాలుగా అమ్మ ఫోన్ చేసినప్పుడల్లా ఒకటే ప్రశ్న. "ఎంత చదివిద్దాంరా?"

మా ఇంట్లో దీనికో డేటాబేస్ ఉంది. బీరువాలో చీరల కింద, అట్ట చిరిగిన నోట్‌బుక్. 2014లో అక్క పెళ్లికి ఎవరెవరు ఎంత చదివించారో మావయ్య చేతిరాతలో వరసగా ఉంటుంది. స్టీలు బిందెలు, గోడ గడియారాలు కూడా వదల్లేదు. బాబాయి పేరు పక్కన 10,116. అమ్మ ఆ పేజీ ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టింది.

నేను ఎక్సెల్ తెరిచాను (మా వృత్తిలో అదో జబ్బు). ఏడాదికి 6 శాతం చొప్పున పెంచుకుంటూ పోతే పన్నెండేళ్లకి ఆ పదివేలు ఇరవై వేలవుతాయి. అదే బంగారంలో కొలిస్తే ఇంకో కథ. అప్పట్లో పది గ్రాములు ముప్పై వేల చుట్టుపక్కల ఉండేది, 2025లో లక్ష దాటేసింది. ఆ లెక్కన ముప్పై వేలకు పైనే ఇవ్వాలి. అమ్మకి ఈ గొడవేం లేదు. "ఇరవై అయిదు వేల నూట పదహార్లు. సాఫ్ట్‌వేర్ వాడివి, అంతకు తగ్గితే మీ అత్త పది ఊళ్లకి చెబుతుంది." పెళ్లికూతురికొచ్చే కానుకల మీద ప్రభుత్వం పన్ను కూడా అడగదు గానీ, అత్త మాత్రం లెక్క అడుగుతుంది.

నేను పక్కన పెట్టగలిగింది కూడా సరిగ్గా పాతిక వేలే. కానీ అందులో పదిహేను వేలు నావి కావు.

కిందటేడు నా ఉద్యోగం పోయింది. కంపెనీ పేరెందుకులే. మూడు నెలలు ఖాళీ. ఇంట్లో చెప్పలేదు. పొద్దున్నే అమ్మ "ఆఫీసుకి బయల్దేరావా" అంటే "ఆఁ, క్యాబ్‌లో ఉన్నా" అనేవాణ్ని, మంచం మీద నుంచే. మూడో నెల అద్దె దగ్గర ఇరుక్కుపోయాను. చెల్లికి తప్ప ఎవరికీ చెప్పలేకపోయా. అరగంటలో ఫోన్‌పేలో పదిహేను వేలు వచ్చిపడ్డాయి. "పెద్దమ్మకి చెప్పనులే" అని ఒక మెసేజ్.

మొన్న ఆ డబ్బు పంపుతానంటే "అదీ చదివింపుల్లోనే రాయించెయ్ అన్నయ్యా, పెద్దమ్మ సంతోషిస్తుంది" అంది. ఒక్క క్షణం ఆశ పుట్టిన మాట నిజం. మైకులో నా పేరు, పక్కన పాతిక వేల నూట పదహార్లు, అత్త నోటికి తాళం. కానీ చదివింపుల డబ్బు చెల్లి చేతికి రాదు. మీరూ చూసే ఉంటారు, భోజనాలు అయ్యేసరికి ఆ సంచి వంటవాళ్లకీ షామియానా వాళ్లకీ వెళ్లిపోతుంది. తను నాకిచ్చింది స్కూలు టీచరు జీతంలోంచి. దాన్ని నా కానుకగా రాయించుకుంటే అప్పు తీర్చినట్టా, ఎగ్గొట్టినట్టా?

నిన్న రాత్రి చెల్లి ఖాతాకి పదిహేను వేలు పంపేశాను. తర్వాత అమ్మకి ఫోన్ చేసి, పుస్తకంలో 10,116 రాయిస్తానన్నాను. "బాబాయి పెట్టిందే తిప్పి మొహాన కొట్టినట్టుంటుంది కదరా" అంది. అప్పుడు చెప్పాల్సి వచ్చింది, మొత్తం.

అమ్మ చాలాసేపు ఏం మాట్లాడలేదు. అత్త సంగతీ ఎత్తలేదు.

"ఆ మూణ్నెల్లూ ఏం తిన్నావురా?" అంది.