అడిగినదానికి బదులు

అడగనిదే అమ్మయినా పెట్టదన్నారు పెద్దలు. ఆ సామెతకిప్పుడు ఒక తోక తగిలించవలసి వస్తున్నది: అడిగినా, అడిగినది మాత్రం పెట్టరు. అన్నమడిగిన వాడికి ఉపవాస మహిమను బోధించి పంపుతారు. పైగా తాము సహాయం చేశామనే అనుకుంటారు. నా తగవు ఈ చివరి మాటతోనే.

మా నాన్నగారి వ్యాసాలు కొన్ని 1999లో ఒక డి.టి.పి. కేంద్రంలో కూర్పించినవి నా వద్ద ఉన్నాయి. అన్నీ పేజ్‌మేకర్ ఫైళ్ళు, యూనికోడ్ కాని ఖతి. వాటిని యూనికోడ్‌లోకి మార్చడమెలా? ఇంతే నా ప్రశ్న. కంప్యూటరు బాగా తెలిసినవారని పేరున్న నలుగురిని అడిగాను. "అసలు అప్పుడే యూనికోడ్‌లో ఎందుకు కొట్టించలేదండీ?" అన్నారొకరు. "ముందు ఆ విండోస్ తీసేసి లినక్స్ వేసుకోండి" అన్నారు రెండవవారు. "ఈ కాలంలో తెలుగు ఎవరు చదువుతారు, ఇంగ్లీషులోకి అనువదింపజేయండి" అని మూడవవారి హితవు. "మళ్ళీ టైపు చేసుకుంటే సరి" అని తేల్చేశారు నాలుగవవారు. ఎవరు టైపు చేయాలో మాత్రం చెప్పలేదు.

మొదటివారి మందలింపుకు చరిత్రే సమాధానం. యూనికోడ్ ప్రమాణంలో తెలుగు 1991 నుండీ ఉన్నమాట నిజమే. కాని గౌతమి ఖతితో సహా అది విండోస్ వాడే సామాన్యుడి చేతికి అందినది 2001లో, ఎక్స్‌పీతో. 1999లో ఆ డి.టి.పి. పనివాడు తనకు అందుబాటులో ఉన్న పనిముట్టుతోనే పని చేశాడు. అందులో అతని తప్పు లేదు, మా నాన్నగారి తప్పూ లేదు.

అసలు సమాధానం అంత కష్టమైనదా అంటే, కాదు. ఆ తరం ఖతులలో ఇంగ్లీషు అక్షరాలకు కేటాయించిన స్థానాలలో తెలుగు అక్షరపు ముక్కలు కూర్చుంటాయి. ఖతి లేని కంప్యూటరులో అదంతా పిచ్చిగీతలుగా కనబడడానికి కారణమిదే. "స్త్రీ" అన్న అక్షరాన్ని యూనికోడ్ ఉచ్చారణ క్రమంలో స, పొల్లు, త, పొల్లు, ర, ఈకారం అని ఆరు సంకేతాలుగా దాచుకుంటుంది. పాత ఖతిలోనైతే అది గుడిదీర్ఘమున్న సకారపు బొమ్మ, ఒత్తుల బొమ్మలు. కనుక ముక్కకు ముక్క మార్చితే చాలదు, వరుస కూడా సరిచేయాలి. "మీది ఏ ఖతి? దాని పట్టిక ఉన్న మార్పిడి ఉపకరణాన్ని వెదకండి. ముందు ఒక పేరా మార్చి చూడండి. తరువాత ఒత్తుల దగ్గర జాగ్రత్తగా ప్రూఫు దిద్దుకోండి." నాలుగు వాక్యాలు! ఇవి తెలియకపోతే "తెలియదండీ" అన్న ఒక్క మాట చాలును.

ఉచితంగా చెప్పేవారిని ఇన్ని ఆంక్షలు పెట్టి అడగవచ్చునా అని కొందరికి కోపం రావచ్చు. చెప్పమని ఎవరూ నిర్బంధించడంలేదు. మౌనం కూడా ఉచితమే, అది అడిగినవాడి పూటను వృథా చేయదు. సలహాదారుడు మరచేది ఒకటుంది: ప్రశ్న అడిగేవాడు చాలావరకు సగం దారి నడిచి వచ్చి అడుగుతున్నాడు. అతని ఇంటి పరిస్థితి, చేతిలోని డబ్బు, తీరిక అన్నీ ఆ ప్రశ్న వెనుక ఉన్నాయి. వాటినన్నిటినీ తోసివేసి "అసలు నీవు నడవవలసిన దారే ఇది కాదు" అనడం జ్ఞానం కాదు, పెత్తనం. ఇటువంటి పెత్తనం రెండుమార్లు చవిచూసిన కొత్తవాడు మూడవమారు నోరు తెరవడు. జరిగే అసలు నష్టం అదే.

ఎదుటి పక్షంలోనూ ఒక న్యాయముంది, దాన్ని దాచను. సాంకేతికులు ఎక్స్-వై సమస్య అని ఒకదాన్ని చెబుతారు. ఫైలు పేరులో చివరి మూడక్షరాలు తీయడమెలా అని ఒకడు అడుగుతాడు. నిజానికి అతనికి కావలసినది ఫైలు రకాన్ని తెలిపే పొడిగింపు. అది ప్రతిసారీ మూడక్షరాలే ఉండదు. ఇక్కడ అడిగినదానికే బదులిస్తే అతన్ని గోతిలోకి తోసినట్లే. ఒప్పుకుంటాను. కాని దానికి మందు "ఇది దేనికోసమండీ?" అన్న చిన్న ప్రశ్న, ఉపన్యాసం కాదు. తడిచేత్తో ఫ్యూజు మార్చడమెలాగని అడిగినవాణ్ణి వెంటనే ఆపవలసిందే. ప్రాణం మీదికి వచ్చేది కానప్పుడు మాత్రం వరుస ఇదీ: మొదట బదులు, ఆ పిమ్మట, కావాలంటే, సలహా.

అడిగేవారికి నా మనవి. మీ హద్దులు ప్రశ్నలోనే చెప్పండి: "మళ్ళీ టైపు చేసే వీలు లేదు, కంప్యూటరు మార్చను" అని. అయినా సలహా వచ్చి పడితే వాదానికి దిగకండి. వాదిస్తే మీ ప్రశ్న అక్కడే సమాధి అవుతుంది. ఒక్క నమస్కారం పెట్టి, అదే ప్రశ్నను అవే మాటలలో మళ్ళీ అడగండి. ఒకరినొకరు ఎరుగని ముగ్గురు ఒకే సలహా ఇస్తే మాత్రం కాసేపు ఆగి, అందులో పసేమైనా ఉన్నదేమో చూడండి. చివరకు బదులు దొరికితే దాన్ని నలుగురికీ తెలియజేయండి. మీ వెనుక వచ్చేవాడికి ఉపన్యాసాలు తప్పుతాయి.

చెప్పేవారికి ఒక్కటే మాట. అడిగినవాడు మిమ్మల్ని గురువుగా ఎన్నుకోలేదు, దారి తెలిసినవారనుకుని ఆగాడు. తెలిస్తే దారి చూపండి. తెలియకపోతే పక్కకు తప్పుకోండి. అదీ సహాయమే.