ముక్క తీసేస్తే వాళ్లకు సరిపోయింది, మన సంగతేంటి?

2023 జులైలో ఢిల్లీలోని మెక్‌డొనాల్డ్స్ దుకాణాల్లో నోటీసులు అంటించారు. నాణ్యమైన టమాట దొరకడం లేదు, కొన్నాళ్లు టమాట లేకుండానే ఇస్తామని వాటి సారాంశం. ఆగస్టులో బర్గర్ కింగ్ కూడా అదే దారి పట్టింది. కొన్ని నగరాల్లో కిలో టమాట 200 రూపాయలు పలికిన రోజులవి. బర్గర్‌లో ఒక ముక్క తగ్గింది, వ్యాపారం ఆగలేదు.

సెప్టెంబరుకల్లా కథ తిరగబడింది. కర్నూలు జిల్లా పత్తికొండ ప్రాంతంలో ధర పడిపోయి రైతులు టమాటను రోడ్డు మీద పారబోశారు. ధర పెరిగితే కంపెనీ టమాట మానేస్తుంది. ధర పడితే రైతు ఏం మానేయాలి? అప్పటికే నారు, మందులు, కట్టెలు, కూలి అన్నీ పెట్టుబడిలో కలిసిపోయాయి. ఇబ్రహీంపట్నం, యాచారం, మంచాల కూరగాయల రైతులకు ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు. తెంపుడు కూలి, బండి కిరాయి, కమీషన్ పోను ఏం మిగులుతుందో మనకు తెలుసు.

పెద్ద కంపెనీలు సరఫరాలో ముప్పును ముందే లెక్కగడతాయి. నాలుగు చోట్ల కొంటాయి, ముందస్తు ఒప్పందాలు రాసుకుంటాయి, సైజు, రంగు నిబంధనలు పెడతాయి. ఇందులో తప్పు లేదు. కానీ ఆ ముప్పు మాయం కాదు, ఒప్పందంలో బలహీనుడి మీదికి జరుగుతుంది. 2019లో చిప్స్ ఆలుగడ్డ రకం తమదేనంటూ పెప్సికో గుజరాత్ రైతులపై కోర్టుకెక్కింది. నలుగురిని ఒక్కొక్కరు కోటికి పైగా కట్టాలంది. దేశమంతా నిరసన లేచాకే మే నెలలో కేసులు వెనక్కి తీసుకుంది.

కంపెనీలకు అమ్మొద్దని మనం అనడం లేదు. హైదరాబాద్ పక్కనే ఉన్న మనకు అది మంచి అవకాశమే. కానీ ఒంటరిగా సంతకం పెట్టొద్దు, సంఘంగా కూర్చుని మాట్లాడాలి. ఒప్పందం తెలుగులో ఉండాలి. ఖర్చుకు తగ్గని కనీస ధర అందులో రాయాలి. గ్రేడింగ్ మన ఊళ్లో, మన కళ్ల ముందు జరగాలి. కంపెనీ మధ్యలో కొనడం ఆపితే పరిహారం ఇవ్వాలి. డబ్బు ఎన్ని రోజుల్లో ఇస్తారో తేదీతో సహా ఉండాలి.

ప్రభుత్వానికీ బాధ్యత ఉంది. కేరళ 2020 నవంబరు 1 నుంచి 16 పంటలకు కనీస ధర ప్రకటించింది, అందులో టమాట కూడా ఉంది. అక్కడ సాధ్యమైంది ఇక్కడ ఎందుకు కాదు? వచ్చే నెల గ్రామ సమావేశాల్లో ఈ ప్రశ్నే ముందు పెడదాం.