స్లామ్ బుక్కులో మా బేటీ

మా బేటీ టెన్త్ ఫేర్‌వెల్ నుంచి స్లామ్ బుక్ పట్టుకొచ్చింది. పదేళ్ల తర్వాత ఎవరు ఏమవుతారో దోస్తులు ఒకరికొకరు రాసుకున్నారు. ఒకమ్మాయి కలెక్టరట, ఒకబ్బాయి అమెరికాలో సాఫ్ట్‌వేరట. లెక్కల్లో క్లాసు ఫస్టొచ్చే మా పిల్లకు మాత్రం నాలుగు పేజీల్లో ఒకటే కిస్మత్: షాదీ, ముగ్గురు పిల్లలు, 'దావత్‌కి పిలవడం మర్చిపోకు'.

మజాకే అనుకోండి. అయినా రాత్రి దానికి నిద్ర పట్టలేదు.

తఅస్సుబ్ అనేసి ఊరుకోవడం ఆసాన్. కానీ ఆ నలుగురిలో ఇద్దరు మన పిల్లలే! వాళ్లకెవరు నేర్పారు? మనమే. పదమూడేళ్లు దాటాయో లేదో 'రిష్తాలు చూస్తున్నారా?' అంటాం. మగపిల్లాడైతే మెకానిక్ షాపు, లేదంటే దుబాయ్ వీసా. షాదీ ముబారక్ కింద 1,00,116 రూపాయలొస్తాయని మా మొహల్లాలో అందరికీ జబానీ వచ్చు. పాలిసెట్ ఎప్పుడో అడగండి, ఒక్కరూ చెప్పరు.

నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ 2022లో ఇస్తాంబుల్‌లో ప్రపంచ బాక్సింగ్ చాంపియన్ అయింది. మరుసటి ఏడు ఢిల్లీలో మళ్లీ గెలిచింది. టీవీ ముందు మనమంతా 'మాషా అల్లాహ్' అన్నాం. మన ఇంటి పిల్ల గ్లవ్స్ కొనమంటే అదే మాట అంటామా?

షాదీ వద్దని కాదు నేననేది. పదిహేనేళ్ల పిల్లకు అదొక్కటే ఖ్వాబ్‌గా ఇవ్వడం జుల్మ్.

ఈద్‌కి మా ఇంటికొచ్చే ఖాలాలకు, ఫుప్పూలకు ఒక దర్ఖాస్తు. రిష్తా మాట ఎత్తకండి. లెక్కల్లో ఎన్ని మార్కులొచ్చాయో అడగండి, తనే చెబుతుంది.