వినే తోడు

యంత్రం మనిషిలా కబుర్లు చెబుతుందా అని నవ్వుతాం కదూ! 1966లోనే అమెరికాలో, ఎం.ఐ.టి. ప్రొఫెసర్ జోసెఫ్ వైజెన్‌బామ్ 'ఎలైజా' అనే కంప్యూటర్ ప్రోగ్రామ్ తయారుచేశారు. దానికి తెలివేమీ లేదు. "మనసు బాగాలేదు" అని టైపు చేస్తే, "ఎందుకు బాగాలేదు?" అని మన మాటనే తిప్పి అడిగేది, అంతే! ఆ సంగతి తెలిసిన ఆయన సెక్రటరీ కూడా దానితో నాలుగు మాటలాడగానే, ఆయన్ని గదిలోంచి కాస్త బయటికి వెళ్లమందట! ఆయనే కంగుతిన్నారు.

చూశారా, వినేవాళ్ల కోసం మనసు ఎంత ఆరాటపడుతుందో! ఇప్పుడు ఫోన్లో యంత్రాలు ఇంకా తియ్యగా మాట్లాడుతున్నాయి. వంట కొలతలు అడగండి, తప్పులేదు. ఇంటి గుట్టు మాత్రం చెప్పకండి. ఈ సాయంత్రం అత్తగారి పక్కన కూర్చుని, "ఏంటత్తయ్యా, అలా ఉన్నారు?" అని అడిగి చూడండి. ఆవిడా అలాంటి మాట కోసమే ఎదురుచూస్తున్నారేమో!